నల్లగుడ్డు మీద పువ్వు

కంట్లో పువ్వేసిందంటే
మా చీమకుర్తిలో ఎవరూ సంతోషించరు.

రాయి నుంచే లేచింది అది,
ఆవగింజలో సగం లేదు.
డ్రిల్లు మీద ఉన్నాను. కళ్ళద్దాలు మెడలో ఉన్నాయి,
చెమటకి మసకేస్తుంటే కిందికి దించుకున్నా.
తప్పెవరిదని మేస్త్రీ అడిగితే
ఎండదని చెప్పాను.

చెంచమ్మవ్వ రెప్ప తిరగేసి
నాలుక కొసతో నలక తీసింది.
వడ్ల పొట్టు, పొగాకు నుసి, ఇనుప రజను,
ఊళ్ళో అందరి కళ్ళ రుచీ తెలిసిన నాలుక.
"ఉప్పగా ఉందిరా" అని పక్కకి ఉమ్మింది.
తీసిందో, ఇంకాస్త లోపలికి నొక్కిందో.
పది రూపాయలిస్తే తీసుకోలేదు.
ఆమె మీద నాకు కోపం లేదు.

మూడోనాడు మందుల షాపు మస్తాను
చిన్న సీసా ఇచ్చాడు.
పూటలో ఎరుపు పోయింది, కమ్మగా నిద్రపట్టింది.
ఆ కమ్మదనమే లోపలి బూజుకి ఎరువని
ఒంగోలు పోయేదాకా తెలియలేదు.

డాక్టరమ్మ కంటి మీద సన్నగా గీకి
గాజుపలక మీద రాసి
తను చూసి, నన్నూ చూడమంది, మంచి కంటితో.
దారాలు. కొమ్మలేసిన దారాలు.
ముసురుకి తడిసిన పొగాకు మీద చూసిందే,
నా కంట్లో కాపురం పెట్టింది.

గంటకో చుక్క.
పగలు గంటకో చుక్క, రాత్రి గంటకో చుక్క.
సీసా బాగా ఊపాలి, పాలలా కలవాలి.
సలోమి సెల్లులో అలారం పెట్టుకుని
నిద్రలోనే లేచి, నిద్రలోనే నా రెప్ప తెరిచి
చుక్క చెంప మీదికి జారనీకుండా...
పన్నెండు. ఒకటి. రెండు.
"చంటిదానికి కూడా ఇన్నిసార్లు లేవలేదయ్యా" అంది ఒకసారి.
నవ్విందో విసుక్కుందో
కనపడలేదు.

బూజు చచ్చింది. పువ్వు మిగిలింది.

డాక్టరమ్మ చీటీ వెనక కన్ను బొమ్మ గీసింది.
"వాచీకి అద్దం ఉన్నట్టు
నల్లగుడ్డుకి ముందు ఒక పొర ఉంటుంది ఏసోబూ.
నెత్తురు నడవని చోటు, అందుకే అంత తేట.
మచ్చ పైపైన ఉంటే చెక్కేసేదాన్ని,
వంకర ఒక్కటే అయితే గట్టి లెన్సు పెట్టి చూసేదాన్ని.
నీది లోతు. పొరే మార్చాలి.
పోయినవాళ్ళెవరైనా ఇవ్వాలి."

చెక్కడం నాకు తెలుసు.
పోయినవాళ్ళు ఇవ్వడమే కొత్త.

నాలుగు నెలలు
ఫోను మోగితే తప్పు చేసినట్టు గుండె కొట్టుకునేది.
ఎవరింట్లోనో ఏడుపు లేస్తేనే కదా అది మోగాలి.
ప్రార్థనలో ఏమడగాలో తెలియక
ఆమెన్ ఒక్కటే అనేవాణ్ణి.

ఆదివారం గుళ్ళో ఉండగా మోగింది.
ఏ ఊరాయనని అడిగితే చెప్పకూడదన్నారు.
నర్సు మాత్రం గొంతు తగ్గించి
"పెద్దాయన" అంది.

పదహారు కుట్లు, తల వెంట్రుక కంటే సన్నం.
కన్ను ఎర్రబడినా, వెలుగు గుచ్చినా, మసకేసినా
తెల్లారేదాకా ఆగొద్దు, దొరికిన బస్సెక్కమని
సలోమి చేత మూడుసార్లు వల్లె వేయించారు.
మొదట్లో అంతా
వాన కారే అద్దంలోంచి చూసినట్టే.

మూడో నెల చూపించుకోడానికి పోయి
వరండాలో కూచుని
మంచి కన్ను అరచేత్తో మూశాను.
ఎదురుగా గోడ మీద అక్షరాలున్నాయి, చదవలేదు.
కిందికి చూశాను.
నేలంతా మన రాయే.
నలుపులో పచ్చటి మెరుగు చుక్కలు.
ఎవరి డ్రిల్లు కింద లేచిందో,
ఎవరి కంట్లోకి ఎంత పోయిందో.

మూడో పలకకీ నాలుగో పలకకీ మధ్య
నూలుపోగంత సందు.
"ఎవడేశాడే ఈ అతుకు,
డాక్టరమ్మ కుట్టే నయం!" అన్నాను గట్టిగా.

సలోమి కింద గొంతుక్కూచుంది.
వేలితో తడిమి తడిమి
ఆ సందు దొరికాక
వేలు తీయకుండా అక్కడే ఉండిపోయింది.